వాటా తేలనిదే వేట ఆగదు

అందరికీ నమస్కారం.

ఈరోజు హెర్రింగ్ అనే చేప గురించి మాట్లాడతాను. జానెడు పైచిలుకు పొడవుండే వెండిరంగు చేప. ఉత్తర అట్లాంటిక్‌లో పెద్ద పెద్ద గుంపులుగా తిరుగుతుంది. మొత్తం ఎంత పట్టాలన్నది ఒక ప్రశ్న, అందులో ఎవరెంత పట్టాలన్నది ఇంకో ప్రశ్న. మొదటిది శాస్త్రవేత్తల పని, రెండోది రాజకీయ నాయకుల పని అనుకుంటాం. నా దృష్టిలో రెండూ ఒకటే. రెండోది తేలకపోతే మొదటిది కాగితం మీదే ఉండిపోతుంది.

హెర్రింగ్ పొలుసు ఒకటి భూతద్దం కింద పెట్టి చూస్తే సన్నటి గీతలు కనిపిస్తాయి. చలికాలంలో ఎదుగుదల మందగిస్తుంది కాబట్టి ఏడాదికో గీత పడుతుంది, చెట్టు మానులో వలయాల్లాగే. గీతలు లెక్కపెడితే చేప వయసు తెలిసిపోతుంది. గత శతాబ్దం మొదట్లో నార్వే శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్ బృందం ఇలా పొలుసులు చదువుతూ పోతే ఒక సంగతి బయటపడింది. ఏళ్ల తరబడి వలలో పడుతున్నవాటిలో ఎక్కువ భాగం 1904లో పుట్టిన చేపలే! దానికి ముందూ వెనకా పుట్టినవి చాలా తక్కువ. అంటే హెర్రింగ్ పంట ఏటా ఒకేలా ఉండదు. ఎప్పుడో ఒక ఏడాది విరగపండుతుంది, ఆ పంటనే ఏళ్ల తరబడి పొదుపుగా వాడుకోవాలి.

1960లలో ఆ పొదుపు తప్పింది. నీళ్లలో చేపల గుంపు ఎక్కడుందో శబ్దంతో పసిగట్టే సోనార్ వచ్చింది, గుంపు చుట్టూ వేసే బరువైన రింగు వలల్ని పైకి లాగే యంత్రాలొచ్చాయి. 1966లో నార్వే తీరంలో గుడ్లు పెట్టే హెర్రింగ్‌ను దాదాపు 20 లక్షల టన్నులు పట్టారు. ఇంకా గుడ్లు పెట్టే ఈడు రాని పిల్ల చేపల్ని కూడా తెచ్చి నూనెకూ, చేపల పొడికీ వాడేశారు. కొన్నేళ్లకే సముద్రం ఖాళీ అయింది. ఐస్‌లాండ్‌లో సిగ్లుఫ్యోర్దుర్ అనే ఊరు ఈ చేప మీదే బతికేది. పడవ ఒడ్డుకు రాగానే ఆడవాళ్లు వరసగా నిలబడి, చేప శుభ్రం చేసి, ఉప్పు చల్లి పీపాల్లో పేర్చేవాళ్లు. పీపాల లెక్కనే కూలి. ఆ దశాబ్దం ముగిసేసరికి వాళ్ల చేతులకు పని లేకుండా పోయింది.

ముంచుకొస్తున్నది వేటగాళ్లకు కనబడలేదా అని అడుగుతారు. కనబడదు. వందలో తొంభై పోయినా, మిగిలిన పదీ చెల్లాచెదురు కావు, ఒకచోట గుంపు కడతాయి. సోనార్ ఆ గుంపును పట్టిస్తుంది, వల ఎప్పటిలాగే నిండుతుంది. వల నిండింది కదా అని చేపలకు కొదవ లేదనుకోవడం ఈ వేటలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

కట్టుదిట్టమైన ఆంక్షల మధ్య 1983లో పుట్టిన చేపలు బాగా నిలదొక్కుకున్నాయి, గుంపు మళ్లీ లేచింది. అసలు తగాదా అప్పుడే మొదలైంది. తక్కువగా ఉన్నన్నాళ్లూ నార్వే తీరాన్నే అంటిపెట్టుకున్న చేప, పెరిగాక మేత కోసం మళ్లీ నడిసముద్రంలోకి, ఐస్‌లాండ్, డెన్మార్క్ కిందే ఉన్నా స్వయంపాలన ఉన్న ఫారో దీవుల వైపు వెళ్లసాగింది. మా దగ్గర పుట్టింది కాబట్టి మాది అని ఒకరు, మా దగ్గర మేసి కొవ్వెక్కింది కాబట్టి మాదీ అని ఇంకొకరు. నన్నడిగితే ఇద్దరి మాటలోనూ న్యాయముంది, అందుకే ఇది ఇంత చిక్కు.

2007లో ఒక పంపకం కుదిరింది. నార్వేకు 61 శాతం, ఐస్‌లాండ్‌కు 14.51, రష్యాకు 12.82, యూరోపియన్ యూనియన్‌కు 6.51, ఫారో దీవులకు 5.16. చేపలు మా నీళ్లలో ఇంతకు ముందుకన్నా ఎక్కువున్నాయి, ఈ వాటా చాలదంటూ 2013లో ఫారో దీవులు బయటికొచ్చి తమ కోటా తామే పెంచుకున్నాయి. దాంతో యూరోపియన్ యూనియన్ ఫారో దీవుల హెర్రింగ్ దిగుమతి మీద నిషేధం పెట్టింది, ఏడాది తర్వాత ఎత్తేసింది. ఆ తర్వాత వచ్చిన పరిస్థితి మరీ బాధ కలిగిస్తుంది. శాస్త్రవేత్తలు చెప్పిన మొత్తానికి అందరూ సరేనంటారు. ఇంటికెళ్లి ఎవరి కోటా వాళ్లు రాసుకుంటారు. అన్నీ కూడితే ఆ మొత్తాన్ని దాటిపోతుంది. 2020 చివర్లో ఈ వేటకున్న, పద్ధతిగా సాగే చేపల వేటకు ఒక అంతర్జాతీయ సంస్థ ఇచ్చే ఎంఎస్‌సీ పర్యావరణ గుర్తింపును సస్పెండ్ చేయడానికి కారణం ఇదే.

దేశం లోపల కూడా ఇదే గొడవ. ఐస్‌లాండ్ 1975లో హెర్రింగ్ వేటకు పడవల వారీగా కోటా ఇచ్చింది, 1979లో వాటిని అమ్ముకోనిచ్చింది. పోటీపడి పరుగెత్తాల్సిన టెన్షన్ తగ్గింది, నిజమే. కానీ కోటా అమ్ముడు సరుకైతే డబ్బున్నవాడి దగ్గరికే చేరుతుంది. దానికి పరిమితి పెట్టకుండా న్యాయమైన పంపకం అనలేం. కాడ్ చేప విషయంలో నార్వే పద్ధతి నాకు నచ్చుతుంది. మొత్తం కోటా తగ్గిన ఏడాది పెద్ద ట్రాలర్ల శాతం తగ్గుతుంది, తీరం వెంట వేటాడే చిన్న పడవల శాతం పెరుగుతుంది. కరువొచ్చినప్పుడు ఎక్కువ కోత తట్టుకోగలిగినవాళ్ల మీదే పడుతుంది.

దేశాల మధ్య హెర్రింగ్‌కు నేను కోరేది రెండే. చేప తిరిగే చోటు మారుతుంది కాబట్టి వాటాల్ని అందరూ కలిసి చేసిన సర్వే మీద, ముందే అనుకున్న గడువుకోసారి తిరిగి లెక్కేయాలి. చర్చలు తెగనన్నాళ్లూ, ఎవరి లెక్క వాళ్లు రాసుకోకుండా, చివరిసారి అందరూ ఒప్పుకున్న శాతాలే నడవాలి. ఈ రెండో షరతును ఒప్పందం మొదటి పేజీలోనే రాయించాలి. ఎందుకంటే చర్చలు ఎన్నేళ్లు సాగితే, అధికంగా పట్టేవాళ్లకు అన్నేళ్లు లాభం.