ఆగిన చోటు

శ్రోతలకు నమస్కారం. కంప్యూటర్ ఆట తయారుచేద్దామని కూర్చున్న కుర్రాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు. మిగతావాళ్ళూ వినండి, నన్నయగారి ప్రస్తావన కూడా వస్తుంది.

ఇలాంటి ఆటల్లో ఒక కల్పిత లోకం, అందులో ఒక దేవుడు, ఒక గుడి, ఒక పవిత్ర గ్రంథం ఉంటాయి. గ్రంథం ఎలా పుట్టిందయ్యా అంటే, గుహలో మెరుపు మెరిసింది, పుస్తకం వెలిసింది అంటారు. సరే, వెలిసింది. ఆడేవాడు అందులో వెతుక్కోవడానికి ఏం మిగిలింది? దేవుడు చెబితే చెప్పాడు, రాసిందెవరు? దేనిమీద రాశారు? ఎక్కడ ఆగారు?

మొదట, దేనిమీద? తాటాకే అనుకుందాం. లేతాకు ఎండితే ముడుచుకుంటుంది, ముదురాకు పెళుసుగా విరుగుతుంది. మధ్యరకం ఆకు తెచ్చి, ఈనె తీసేసి, పసుపు వేసిన నీళ్ళలో ఉడకబెట్టి, నీడన ఆరబెట్టి, నున్నటి రాయితో రుద్ది, ఒకే కొలతకి కత్తిరించి, కంతలు పొడిచి తాడు దూర్చాలి. తర్వాత గంటంతో, అంటే మొనదేలిన ఇనుప పుల్లతో, గీస్తారు. గీసింది కంటికి ఆనదు. నూనెలో కలిపిన దీపపు మసి పులిమి తుడిచేస్తే, గీతలో నలుపు నిలిచి అక్షరం పైకి తేలుతుంది. అంటే మీ ఆటలో ఖాళీ ఆకు ఇవ్వొచ్చు, మసి సంపాదించినవాడే చదువుకుంటాడు. గంటాన్ని అడ్డంగా గట్టిగా లాగితే ఆకు నార వెంబడి చీలుతుంది. మన అక్షరాలు గుండ్రంగా ఉండటానికి అదే కారణమని చెబుతుంటారు. కాబట్టి తాటాకు గ్రంథానికి పొడుగాటి అడ్డగీతల లిపి పెట్టకండి. అలాంటి లిపి రాతి మీదైతే నప్పుతుంది.

ఇక, ఎక్కడ ఆగారు? దీనికి మన గోదావరి ఒడ్డునే ఉంది జవాబు. 11వ శతాబ్దంలో, రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుడు అడిగితే నన్నయ భారతం తెలుగు చేయడం మొదలుపెట్టాడు. ఆది, సభా పర్వాలు పూర్తయ్యాయి. అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో ఆగింది. ఎక్కడాగిందో చూడండి: శరత్కాలపు రాత్రుల వర్ణన, చుక్కలు, వెన్నెల, అక్కడ ఆగింది. 13వ శతాబ్దంలో తిక్కన ఆ మిగిలిన ముక్క ముట్టుకోలేదు. విరాటపర్వం నుంచి ఎత్తుకుని 15 పర్వాలు రాసేశాడు. నడుమ ఖాళీ అలాగే ఉండిపోయింది. 14వ శతాబ్దంలో ఎర్రన వచ్చి ఆ ఖాళీ పూరించాడు. ఎక్కడ మొదలుపెట్టాడు? అదే శరత్కాలంలో, తెల్లవారుజామున. నన్నయ రాత్రి దగ్గర ఆగాడు, ఎర్రన ఉదయం దగ్గర అందుకున్నాడు. ఆ భాగాన్ని తన కాలపు రాజుకివ్వలేదు, దాదాపు మూడు వందల ఏళ్ళ కిందటి రాజరాజుకే అంకితమిచ్చాడు. నన్నయ ధోరణిలోనే నడిపించి, చివర్లో మాత్రం తన పేరు చెప్పుకున్నాడు. నన్నడిగితే, మెరుపులో వెలిసిన ఏ గ్రంథానికీ ఇంత కథ లేదు.

మీ గ్రంథానికీ అలాంటి అతుకు ఒకటి పెట్టండి. ఒక్కటి చాలు. ఒక చెయ్యి రాత్రితో ఆగాలి, ఇంకో చెయ్యి తెల్లారితో మొదలవ్వాలి, అంకితం మాత్రం ఎప్పుడో పోయిన రాజుకి. ఆ లెక్క కుదరడం లేదేమిటా అని ఆడేవాడు తల గోక్కోవాలి.

అతుకు దొరకాలంటే ఆకులు చెదిరి ఉండాలి కదా. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు, ఆకులన్నీ ఒకే తీరుగా చించి బొమ్మ గీస్తారు. కట్టలో ముందు దెబ్బతినేవి మొదటి ఆకులు, చివరి ఆకులు. పైనా కిందా చెక్కలు పెట్టేది అందుకే. అంకె పుటకి కాదు, ఆకుకి వేస్తారు. ఒక ఆకుకి ఒకే అంకె, రెండు వైపులా రాత. అంచు విరిగితే ఆ అంకె పోతుంది. అప్పుడు విడి ఆకు చోటు తేల్చేది పురుగు. తొలుచుకుంటూ పోయిన పురుగు కంత పక్కపక్క ఆకుల్లో ఇంచుమించు ఒకే చోట పడుతుంది, పోనుపోను కొంచెం జరుగుతుంది. దొరికిన ఆకుని కట్టలో ఒక్కొక్క చోటే పెట్టి చూస్తే, కంతలు కలిసిన చోటే దాని చోటు. అందుకని ఆ కంతల్ని ఆకు ఆకుకీ కొలిచి గీయండి. కంటికి అందంగా ఉన్నాయని అడ్డదిడ్డంగా చల్లితే, ఆడేవాడు రాత్రంతా కూర్చున్నా ఆ ఆకు ఎక్కడా కుదరదు.