కృష్ణ ఒడ్డున బెంచ్‌మార్కులు: పడవవాళ్లకు ఒక పని

(జాతీయ సర్వే దినోత్సవం సందర్భంగా విజయవాడలో బోటింగ్ క్లబ్ సభ్యుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఏప్రిల్ 10ని సర్వే దినోత్సవంగా జరుపుతారని ఇంజినీర్లలోనే చాలామందికి గుర్తుండదు. 1802లో ఇదే రోజున బ్రిటిష్ సర్వేయర్ విలియం లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర గొలుసు పరిచి, దేశ సర్వేకు ఆధారమైన బేస్‌లైన్ కొలవడం మొదలుపెట్టాడు. ఆ కథ మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు, అది ఇవాళ్టికి వదిలేద్దాం. నేను చెప్పదలచుకున్నది మీ పడవల గురించి, మన ఊళ్లో ఎవరూ పట్టించుకోని కొన్ని రాళ్ల గురించి.

ప్రకాశం బ్యారేజీ పూర్తి నీటిమట్టం 57.05 అడుగులు. వరద రోజుల్లో టీవీ అడుగున ఈ అంకె తిరుగుతూనే ఉంటుంది. ఎక్కడి నుంచి 57 అడుగులు? నది అడుగు నుంచి కాదు, సముద్ర మట్టం నుంచి. సముద్రమేమో ఇక్కడికి చాలా దూరం. మరి దాని మట్టం విజయవాడ దాకా ఎలా వచ్చింది?

మోసుకొచ్చారు. నిజంగానే మోసుకొచ్చారు. కరాచీ మొదలు ఒడిశా తీరంలోని ఫాల్స్ పాయింట్ దాకా తొమ్మిది రేవుల్లో ఆటుపోట్లు కొలిచారు. అందులో మన విశాఖపట్నం కూడా ఉంది. ఆ సగటు మట్టాన్ని సున్నా అనుకుని, లెవెల్ పరికరం ఒకరు, స్టాఫ్ అనే కొలత గీతల కర్ర ఒకరు పట్టుకుని, వెనక్కి ఒక రీడింగు, ముందుకి ఒక రీడింగు తీసుకుంటూ దేశం లోపలికి నడిచారు. 1909లో లెక్కలన్నీ సరిచూసి ఒక వలగా కట్టారు. నడిచిన దారిలో అక్కడక్కడా ఆ ఎత్తును ఒక రాయి మీద దింపి వెళ్లారు. అదే బెంచ్‌మార్క్. రాయి మీద చిన్న చతురస్రం, జీటీఎస్ (గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే) అన్న అక్షరాలు, బీఎం (బెంచ్‌మార్క్) అన్న అక్షరాలు. కల్వర్టుల మీద, రైల్వే స్టేషన్లలో, పాత కట్టడాల మెట్ల మీద ఇలాంటివి చెక్కేవారు. రైల్వే స్టేషన్ పేరు బోర్డు మీద సముద్ర మట్టానికి ఇన్ని మీటర్లు అని రాసి ఉంటుంది చూడండి, అది కూడా ఈ నడక పుణ్యమే.

రాయి పోతే? కాగితం మీద అంకె మిగులుతుంది. ఆ అంకెతో ఎవరికీ ఏ ఉపయోగమూ ఉండదు.

అమెరికాలో ఈ సమస్యకు ఒక మందు కనిపెట్టారు. అది ఆఫీసువాళ్లతో కాలేదు, పడవవాళ్లతో అయింది. 1914లో పుట్టిన పవర్ స్క్వాడ్రన్స్ అనే సంఘం ఉంది. సొంత పడవలున్న మామూలు జనం. పడవ నడపడం నేర్పడం, భద్రత పాఠాలు చెప్పడం వాళ్ల అసలు పని. సముద్రపు చార్టుల్లో తప్పులు కనిపిస్తే ప్రభుత్వానికి తెలియజేసే ఒప్పందం 1963 నుంచి నడిచింది. దానికి తోడు సర్వే గుర్తులు వెతికే పని కూడా పెట్టుకున్నారు. జీతం లేదు, పెట్రోలు సొంతం. అక్కడి ప్రభుత్వ సర్వే ఆఫీసు నేషనల్ జియొడెటిక్ సర్వే. ఒక్కో గుర్తుకు అది ఉంచే వివరాల కాగితం, అంటే డేటాషీట్, ఏది తీసినా కింద ఒక చరిత్ర పట్టిక ఉంటుంది: ఏ ఏడు, ఏ స్థితి, ఎవరు చూశారు. చాలా గుర్తుల ఎదురుగా ఈ పడవ సంఘం పేరే కనిపిస్తుంది.

గుర్తు అంటే అక్కడ ఎక్కువగా అరచేతిలో పట్టేంత కంచు బిళ్ల. కాంక్రీటులో పాతి ఉంటుంది. పాత బిళ్లల మీద చుట్టూ అక్షరాలు పోతపోసి ఉంటాయి: దీన్ని కదిలిస్తే 250 డాలర్ల జరిమానా లేదా జైలు. మన హద్దురాళ్లకు కూడా 1923 నాటి సర్వే చట్టం రక్షణ ఉంది కానీ, రాయి మీద ఆ మాట రాసి లేదు. రాసి ఉంటే మాత్రం ఆగేవాళ్లమా అంటే, ఏమో.

డేటాషీట్‌లో గుర్తును ఎలా చేరాలో వర్ణన ఉంటుంది. పోస్టాఫీసు నుంచి ఉత్తరంగా అర మైలు, రైలు పట్టాలకు తూర్పున, ఫలానా ఆసామి కొట్టం మూల నుంచి ఇన్ని అడుగులు... మన ఊళ్లలో రావిచెట్టు దగ్గర కుడికి తిరగమన్నట్టే. అర్ధ శతాబ్దం తర్వాత వెళితే పోస్టాఫీసు మారిపోయింది, పట్టాలు పీకేశారు, కొట్టం లేదు. వెతికేవాడి తెలివంతా ఇక్కడే బయటపడుతుంది. ఏది మారకుండా ఉంటుంది? వంతెన దిమ్మ, చర్చి మూల, దీపస్తంభం. వాటి నుంచి టేపు పరిచి లెక్క వెనక్కి కట్టుకుంటూ వస్తారు.

ఇంకో ఇబ్బంది ఉంది. ఎత్తు కోసం పెట్టిన చాలా గుర్తుల ఎత్తు మిల్లీమీటర్ల దాకా తెలుసు, చోటు మాత్రం పాత మ్యాపు మీద స్కేలు పెట్టి చూసినదే. అందులో అక్షాంశ రేఖాంశాల లెక్కన ఆరు సెకన్ల దాకా తేడా ఉండొచ్చని డేటాషీట్‌లోనే రాసి ఉంటుంది. ఆరు సెకన్లంటే నేల మీద సుమారు 180 మీటర్లు. మన బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు, అందులో ఏడో వంతు అనుకోండి. అంత చోటులో బిళ్ల ఎక్కడుందో మీరే చూసుకోవాలి. అందుకే చేతిలో పట్టుకునే మామూలు జీపీఎస్‌తో ఒక వలంటీరు తీసిన రీడింగు కూడా ఆ ఆఫీసుకు పనికొచ్చింది. ఆ రీడింగుతో తర్వాత వెళ్లేవాడు తిన్నగా బిళ్ల పక్కకే పోతాడు.

నాకు వాళ్ల పద్ధతిలో బాగా నచ్చింది వేరే ఉంది. గుర్తు కనిపించకపోతే 'దొరకలేదు' అని రాయాలి. 'నాశనమైంది' అని రాయడానికి వీల్లేదు. ఊడిపోయిన బిళ్ల చేతికి దొరకాలి, లేదా దాని ఫొటో లాంటి రుజువు చూపించాలి, అప్పుడే ఆఫీసు దాన్ని నాశనమైన జాబితాలో వేస్తుంది. మన దగ్గర ఏ ఫైలైనా చూడండి, కనపడకపోతే లేదనే రాసేస్తాం. అక్కడ ఒకరికి దొరకలేదన్న గుర్తు తర్వాత ఇంకొకరికి మట్టి కింద మంచి స్థితిలో దొరికిన సందర్భాలు ఎన్నో. ఆ రెండు మాటలూ డేటాషీట్‌లో ఒకదాని కింద ఒకటి అలాగే ఉంటాయి, ఎవరూ కొట్టెయ్యరు.

మొబైల్ ఉండగా రాళ్లెందుకని మీలో కుర్రాళ్లు అడుగుతారు. సర్వే జీపీఎస్ రిసీవరు ఒకటి తెచ్చి దుర్గాఘాట్ మెట్ల మీద పెట్టి, సవరణ చెయ్యని ఎత్తు చూడండి. మైనస్ చూపిస్తుంది. ఆ లెక్క ప్రకారం అమ్మవారి ఘాట్ సముద్రం కింద ఉంది! ఉపగ్రహాలకు తెలిసింది భూమికి గీసిన నున్నటి గణిత ఆకారం ఒక్కటే. నీళ్లు పారేది, సముద్ర మట్టం నిలిచేది గురుత్వాకర్షణను బట్టి. ఈ రెండింటికీ తేడా ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ మన దిగువనే, శ్రీలంకకు దక్షిణాన సుమారు 106 మీటర్లు. ఆ తేడాను సరిదిద్దే లెక్క నిజమో కాదో తేలాలంటే ఎత్తు తెలిసిన రాయి కావాల్సిందే.

ఇక మన సంగతి. 2024 సెప్టెంబరులో బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. రెండో ప్రమాద హెచ్చరిక 5.69 లక్షలకే. అటు బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచింది. ఎవరిని అడిగినా మా ఇంట్లో నడుం లోతు, మా వీధిలో మెడ లోతు అన్నారు. ఎవరి నడుం, ఏ వీధి? గోడల మీద బురద గీత మాత్రం అబద్ధం చెప్పలేదు. దగ్గర్లో ఎత్తు తెలిసిన గుర్తు ఒకటుంటే, ఆటో లెవెల్ అనే ఎత్తు కొలిచే పరికరంతో పూటలో ఆ గీతను సముద్ర మట్టానికి కలిపేయొచ్చు. అలా వీధివీధికీ చేస్తే, వచ్చేసారి నీళ్లు ఎటు తిరుగుతాయో వాదించుకోవాల్సిన పని ఉండదు. ఇప్పుడా గీతల మీద సున్నం కొట్టేశారు. మిగిలినవేమైనా ఉంటే ఫొటో తీసి, నేల నుంచి ఎన్ని సెంటీమీటర్లో రాసి పెట్టండి.

మీరే ఎందుకంటే, కాలువ లాకుల గోడలు, రేవు మెట్లు, వంతెన దిమ్మలు నీటి వైపు నుంచి చూసేది మీరే. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మొదలయ్యేది మన ఊళ్లోనే. కల్వర్టు పిట్టగోడల మీద ఎర్ర రంగుతో టీబీఎం అని, పక్కన బాణం వేసి ఉండేవి రోడ్డు పనుల తాత్కాలిక గుర్తులు. వాటిని కూడా రాసుకోండి, కానీ నమ్మొద్దు. చెక్కిన అక్షరాలు దొరికితే అది వేరే లెక్క.

గునపం తీసుకెళ్లొద్దు. రాయి మీద రంగు పూయొద్దు. మెత్తటి బ్రష్‌తో నాచు తుడిచి, కాస్త పిండి రుద్దితే అరిగిన అక్షరం తేలుతుంది. ఒక ఫొటో దగ్గర నుంచి, ఇంకొకటి పది అడుగులు వెనక్కి జరిగి చుట్టుపక్కల కనిపించేలా. దొరక్కపోతే ఎక్కడెక్కడ వెతికారో, ఎంతసేపు వెతికారో, అక్కడ ఏం అడ్డుందో రాయండి. బ్యారేజీ ఎగువన గేట్ల వైపు ఎవరూ పోవద్దు. 2024లో కొట్టుకొచ్చిన పడవలు గేట్లు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలను (కౌంటర్‌వెయిట్లను) ఏం చేశాయో చూశాం కదా. లైఫ్ జాకెట్ లేనిదే, అనుమతి లేనిదే పడవ కదలకూడదు.

మొదటి విడత బందరు కాలువ మీద పెట్టుకుందాం, నీళ్లు తగ్గాక గోడలు బాగా కనిపిస్తాయి. 30 మీటర్ల టేపు ఎవరి దగ్గరుందో చెప్పి వెళ్లండి. ప్రశ్నలుంటే ఇప్పుడే అడగండి.