చిన్న బాల్కనీకి శరత్కాలపు అలంకరణ: ఏది కొనాలి, ఏది వద్దు

నమస్తే అండీ. దసరా దగ్గర పడుతోంది, ఈసారి బాల్కనీ సంగతి చూద్దాం. మాది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్, ఐదో అంతస్తు, తూర్పు బాల్కనీ. నాలుగడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు. ఆ మూల వాషింగ్ మెషిన్, పైన బట్టలారేసే తీగ, ముందంతా పావురాల వల. మీలో చాలామంది బాల్కనీలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి కాబట్టి ఏదీ పక్కకి తీయకుండా ఉన్నదున్నట్టే చూపిస్తున్నాను.

ముందుగా ఈ దండ చూడండి. ఆటమ్ డెకర్ అని వెతికితే ఆన్‌లైన్‌లో మొదట వచ్చేది ఇదే, నారింజ రంగు మేపుల్ ఆకుల దండ. దీనికి తోడు ప్లాస్టిక్ గుమ్మడికాయలు. తయారీలో వంక పెట్టడానికి లేదు, కుట్టు గట్టిగా ఉంది, తడిపినా రంగు దిగలేదు. అయినా నేను కొనమని చెప్పను. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో అక్టోబర్ వచ్చేసరికి వీధిలో చెట్లు ఆ రంగుకి తిరుగుతాయి, పొలాల్లో గుమ్మడి కోతకొస్తుంది. బయట కనిపించేదే వాళ్ళు గుమ్మంలోకి తెచ్చుకుంటారు, అందుకే అక్కడ అది అంత బాగుంటుంది. మన దగ్గర ఆకు రాలేది శిశిరంలో, ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఆశ్వయుజం, కార్తీకం మనకి శరత్తు. వానలు వెనక్కి తగ్గుతాయి, ఆకాశం తేటపడుతుంది, వెన్నెల తెల్లగా కాస్తుంది, ఎక్కడ చూసినా పూలే. బంతి, చామంతి, గునుగు, తంగేడు అన్నీ ఇప్పుడే. అంచేత మన బాల్కనీకి శరత్తు రావాలంటే డబ్బు పూల మీద పెట్టాలి. ఈ రివ్యూలో ప్రతి వస్తువునీ నేను ఆ లెక్కనే చూశాను: ఇది పూలకి సాయం చేస్తుందా, అడ్డం పడుతుందా?

సరే, చామంతి. నర్సరీకి వెళ్ళగానే నిండుగా విచ్చుకున్న కుండీ మీదకే చెయ్యి పోతుంది. దాన్ని అక్కడే వదిలేయండి. రెండు కుండీలు పక్కపక్కన పెట్టాను, దగ్గరగా చూపిస్తాను. ఈ ఎడమవైపు దాంట్లో పూలన్నీ విచ్చేశాయి. నడిమి బొడ్డు తెరుచుకుంది, కింది వరస రేకుల కొసలు గోధుమరంగుకి తిరుగుతున్నాయి. అంటే దీని పని అయిపోవచ్చింది. ఇప్పుడు కుడివైపుది. మొగ్గ శనగగింజంత ఉంది, ఆకుపచ్చ తొడుగు పైన కొంచెం పగిలి, లోపలి పసుపు సన్నగా బయటపడింది చూడండి. మీరు కొనాల్సింది ఇది. దసరా ముందు తెచ్చుకుంటే ఒక్కో మొగ్గా వంతులవారీగా విచ్చుకుంటూ దీపావళి దాకా కళగా ఉంటుంది.

ఇంకో రెండు పనులు కొనేముందే చెయ్యండి. మొక్క మొదలు పట్టుకుని మెల్లిగా కదపండి. వదులుగా ఊగితే ఈ మధ్యే కుండీలోకి మార్చారని, వేరింకా పట్టలేదని అర్థం. తర్వాత మొగ్గల కింద, లేత కొమ్మల మీద వేలు పెట్టి చూడండి. జిగురు తగిలితే పేనుబంక అనే చిన్న పురుగు ఉన్నట్టే. ఆ ఒక్క కుండీ ఇంటికొచ్చిందంటే మిగతా మొక్కలకీ పాకుతుంది. మొహమాటం లేకుండా వెనక్కి ఇచ్చేసి వేరేది అడగండి. గోదావరి జిల్లాల వాళ్ళకి కడియం నర్సరీలు దగ్గర, మీకు రకాలకి కొదవ లేదు. హైదరాబాద్ వాళ్ళకి కుండీలు నర్సరీల్లో, విడిపూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌లో.

ఇప్పుడు లైట్లు. చామంతితో పాటే చెప్పాలి, ఎందుకంటే ఈ రెండింటికీ పడదు. చామంతి రాత్రి పొడుగుని బట్టి మొగ్గ తొడుగుతుంది. వానాకాలం గడిచేకొద్దీ రాత్రి పొడుగవుతూ వస్తుంది కదా, మొక్కకి అదే కబురు. చామంతి సాగుచేసే రైతులు కొందరు మొదట్లో రాత్రిపూట మళ్ళలో బల్బులు వెలిగిస్తారు. వెలుతురు పడుతున్నన్నాళ్ళు మొక్క ఎదుగుతుంది గానీ మొగ్గ వేయదు, తమకి కావలసిన సమయానికి పూత రప్పించుకోవడానికి అదొక పద్ధతి. మనం బాల్కనీలో రాత్రంతా ట్యూబ్‌లైట్ వేసి ఉంచితే తెలియకుండా అదే పని చేస్తున్నాం. "మా చామంతి ఏపుగా పెరుగుతోంది, ఒక్క పువ్వూ లేదు" అనేవాళ్ళు ముందు పైకి చూసి లైటెక్కడుందో గమనించండి. వీధి దీపం నేరుగా పడినా ఇదే ఇబ్బంది. మొగ్గ రంగు చూపించాక మాత్రం భయం లేదు, అప్పుడు లైట్ల పక్కనే పెట్టుకోండి. రంగు చూపించిన మొగ్గే కొనమని చెప్పడానికి ఇది రెండో కారణం.

లైటు ఏది కొనాలంటే, ఈ తీగ లైట్లలో మూడు రకాలు పెట్టి చూశాను. తెల్లటి వెలుగుది వద్దండీ. దాని కింద పసుపు చామంతి పాలిపోయి కనిపిస్తుంది. వామ్ వైట్, అంటే పసుపు ఛాయ వెలుగుది, పెట్టె మీద 2700 లేదా 3000 కెల్విన్ అని రాసి ఉంటుంది, అది తీసుకోండి. బంతి, చామంతి, మట్టి కుండీ, మూడింటి రంగూ ఆ వెలుగులో నిండుగా వస్తుంది. దుమ్మునీ నీళ్ళనీ లైటు ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే ఐపీ అనే నంబరు కూడా పెట్టె మీద ఉంటుంది, తప్పకుండా చూడండి. ఐపీ 20 అంటే ఇంటి లోపలికి మాత్రమే. మన బాల్కనీల్లో జల్లు కొడుతుంది, కాబట్టి కనీసం ఐపీ 44 ఉండాలి, 65 అయితే ఇంకా నిశ్చింత. ప్లగ్గూ అడాప్టరూ మాత్రం ఏ లైటుకైనా లోపలే ఉంచండి. సోలార్‌ది మా తూర్పు బాల్కనీకి సరిపోలేదు. ఎండ సగం పూటే కదా, రాత్రి తొందరగా మసకబారుతోంది. దక్షిణం బాల్కనీ ఉన్నవాళ్ళు ప్రయత్నించొచ్చు.

బంతి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పొట్టి రకం తీసుకోండి, పొడుగుది గాలికి ఒరుగుతుంది. రోజూ ఐదారు గంటల ఎండ లేకపోతే అసలు తీసుకోకండి. ఉత్తరం బాల్కనీ వాళ్ళు ఒక వెడల్పాటి మట్టి గిన్నెలో నీళ్ళు పోసి విడిపూలు తేలేయండి. నిజంగా చాలా బాగుంటుంది, మొక్క లేదన్న లోటే తెలియదు. నీళ్ళు మాత్రం రోజూ మార్చాలి.

నాకు అన్నింటికంటే నచ్చింది గునుగు. బతుకమ్మ పేర్చాక మిగిలిన గునుగు కట్టని పడేయకండి. ఆకులు దూసేసి, కాడలు కలిపి దారంతో కట్టి, నీడలో తలకిందులుగా వేలాడదీయండి. ఎండాక నీళ్ళు లేని మట్టి కూజాలో నిలబెట్టండి. ఇదిగో, ఇది పోయిన బతుకమ్మది. చేత్తో నిమిరితే ఇప్పటికీ మెత్తగానే ఉంది, కొసల్లో గులాబీ ఛాయ ఇంకా పోలేదు. కుదిపితే నల్లటి సన్న గింజలు రాలతాయి, అవి దాచుకుంటే వానాకాలంలో కుండీలో చల్లుకోవచ్చు. ఇదంతా పైసా ఖర్చు లేకుండా. ఆ మేపుల్ దండ ధరకి మూడు చామంతి కుండీలు వస్తాయి కూడా.

రెయిలింగ్‌కి తగిలించే కుండీలు చాలామంది అడిగారు. కొనొచ్చు, ఒక్క షరతు. రెయిలింగ్‌కి లోపలి వైపే తగిలించండి, బయటికి వద్దు. తడిమట్టి బరువు మీరనుకున్నదానికంటే చాలా ఎక్కువ, ఐదో అంతస్తు నుంచి ఆ కుండీ జారితే కింద మనుషులుంటారు. పైగా అక్టోబర్, నవంబర్ మన తీరానికి తుఫాన్ల కాలం. విశాఖ మీద హుద్‌హుద్ విరుచుకుపడింది 2014 అక్టోబర్ 12న. కోస్తా వాళ్ళు తుఫాను హెచ్చరిక వినగానే వేలాడేవన్నీ దింపి నేల మీద మూలకి చేర్చేయాలి. అందుకే స్క్రూతో శాశ్వతంగా బిగించేది కాకుండా, చేత్తో తీసి దించగలిగే కొక్కెం రకం తీసుకోమంటాను. మట్టిలో సగానికి సగం కొబ్బరి పొట్టు కలిపితే బరువూ తగ్గుతుంది.

ప్లాస్టిక్ గడ్డి పరుపు వద్దే వద్దు. ఇక్కడ మూల ఎత్తి చూపిస్తున్నాను, జల్లు పడి ఆరిందనుకున్నాక కూడా అడుగున తడి అలాగే ఉంది, టైల్ మీద పాకుడు మొదలైంది. నీళ్ళు పోయే కన్నాన్ని కూడా కప్పేస్తుంది. దీని బదులు ప్లాస్టిక్ చాప వేసుకోండి, దులిపి తీగ మీద ఆరేస్తే చాలు. కూర్చోడానికి మడత స్టూలు. నాలుగడుగుల వెడల్పులో ఊయల పెడితే మొక్కలకి చోటుండదు.

కుండీల కింద పళ్ళేలు కొంటే వాటిలో ఇసుక నింపండి. డెంగీ దోమ నిలవ నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో కొత్త దోమ తయారు. కార్తీకమంతా దోమల టెన్షన్ లేకుండా సాయంత్రం పూట బాల్కనీలో కూర్చోవాలంటే ఈ చిన్న పని చేసి తీరాలి.

దీపాల గురించి ఒక్క జాగ్రత్త. కొత్త ప్రమిదలు కొన్ని గంటలు నీళ్ళలో నానబెట్టి ఆరబెడితే నూనె పీల్చవని మీకు తెలిసిందే. నేను చెప్పేది పావురాల వల సంగతి. అది నైలాన్, మంట తగిలితే కరిగి అంటుకుంటుంది. గాలికి ఊగినా దీపం దాకా రానంత దూరంలో, ఇసుక పోసిన పళ్ళెంలో ప్రమిదలు పెట్టండి. ఎండు గునుగు కూజా కూడా దీపానికి ఎదురు మూలకి పోవాలి. పైన బట్టలుంటే అవి తీశాకే వెలిగించండి.

పూత అయిపోయాక చామంతిని పారేయొద్దు. కొమ్మల్ని నేలకి నాలుగు వేళ్ళ ఎత్తులో కత్తిరించి నీళ్ళు తగ్గించండి. మొక్క మొదలు దగ్గర పిలకలు వస్తాయి. వాటిని వేరుతో సహా విడదీసి చిన్న కుండీల్లో పెట్టుకుంటే వచ్చే దసరాకి మొక్కలు కొనే పనే లేదు. ఎండాకాలంలో మధ్యాహ్నపు ఎండ తగలని చోటికి జరపండి, వానాకాలంలో కొసలు తుంచుతూ ఉంటే గుబురుగా వస్తాయి. ఆగస్టు నెలాఖరు నుంచి మొగ్గ రంగు చూపించేదాకా సాయంత్రం లైటు పడని మూలలో ఉంచండి. మా బాల్కనీలో ఆ మూల వాషింగ్ మెషిన్ పక్కన. మీ ఇంట్లో ఎక్కడుందో ఈ రాత్రి లైట్లు వేసి చూసుకోండి. ఉంటానండీ.