జయపురం విమానం రోజూ రావాలి

శ్రోతలందరికీ నమస్కారం.

ఒడిశాలోని జయపురం, కొరాపుట్, సునాబెడ వైపు ఉండే తెలుగువాళ్లకు ఒంట్లో బాగాలేదంటే ముందు గుర్తొచ్చేది విశాఖపట్నంలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్. పిల్లల పెద్ద చదువులకూ విశాఖే. ఈ బంధం ఇవాళ్టిది కాదు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. అక్కడి సైన్స్ కాలేజీకి ఆయన పేరే పెట్టుకున్నారు.

మనసులు ఇంత దగ్గరైనా దారి మాత్రం కష్టమే. రోడ్డు మీద వెళితే 200 కిలోమీటర్లకు పైనే, అందులో సుంకి ఘాట్ మలుపులు. సాలూరు చేరేసరికే ముసలివాళ్లు నీరసపడిపోతారు. రైలుందంటారా, ఆ కొత్తవలస-కిరండూల్ లైను 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి వేసింది. వానాకాలంలో కొండచరియలు విరిగిపడితే రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. భువనేశ్వర్‌లో పని పడితే ఇంకా దూరం, దాదాపు 500 కిలోమీటర్లు.

అందుకే 2022 అక్టోబరు నెలాఖరులో ఇండియావన్ ఎయిర్ వాళ్ల చిన్న విమానం భువనేశ్వర్ నుంచి జయపురంలో దిగినప్పుడు ఈ ప్రాంతమంతా సంబరపడింది. సునాబెడలో హెచ్‌ఏఎల్ అనే ప్రభుత్వ విమాన తయారీ సంస్థ కర్మాగారం 1960ల నుంచి మిగ్ యుద్ధ విమానాలకు ఇంజన్లు తయారుచేస్తోంది. ఆ ఇంజన్ల మీద పనిచేసిన కుటుంబాలకు ఊళ్లోంచి విమానం ఎక్కే అవకాశం అప్పటికిగాని రాలేదు.

ఆ విమానం పేరు సెస్నా కారవాన్. ఒకటే ఇంజను, ముందు ఒక పంకా, తొమ్మిది మంది ప్రయాణికులు. పొట్టి రన్‌వే చాలు. కాకపోతే బరువు దగ్గర చాలా ఖచ్చితం. సామానుతో పాటు మనిషి బరువు కూడా లెక్కలోకి వస్తుంది, ఎవరు ఎక్కడ కూర్చోవాలో కూడా ఆ లెక్కే చెబుతుంది. జయపురం సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు పెరిగినా ఎండ ముదిరినా గాలి పలచబడి రెక్కలకు పట్టు తగ్గుతుంది, అప్పుడు మోయగల బరువూ తగ్గుతుంది. ఇలాంటి చిన్న విమానాశ్రయాల్లో చాలాచోట్ల పైలట్ కంటితో చూసుకుంటూ దిగాల్సిందే. దానికి మామూలుగా 5 కిలోమీటర్ల దూరం స్పష్టంగా కనిపించాలి. మన కొండల మీద శ్రావణ భాద్రపదాల మబ్బు, మాఘమాసపు మంచు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. విమానం రద్దయిందంటే చాలాసార్లు కారణం అదే. పైలట్ దిగనన్నాడంటే మన ప్రాణం కోసమే అన్నాడు.

ఇక డబ్బు సంగతి. తొమ్మిది టిక్కెట్లతో ఇద్దరు పైలట్ల జీతం, ఇంధనం, మరమ్మతులు గిట్టవు. అందుకని కేంద్రం 2016లో చిన్న ఊళ్లకు విమానాలు నడిపేందుకు ఉడాన్ పథకం ప్రకటించింది. గంట ప్రయాణానికి టిక్కెట్ 2,500 రూపాయలు దాటకూడదని మొదట్లో పరిమితి పెట్టి, సగం సీట్లు ఆ ధరకు ఇప్పించి, సంస్థకు వచ్చే లోటును మూడేళ్లపాటు పూడ్చే ఏర్పాటు చేశారు. పెద్ద నగరాల మధ్య తిరిగే విమానాల మీద వేసే లెవీ, అంటే ప్రత్యేక రుసుము నుంచి ఆ సొమ్ము వస్తుంది, రాష్ట్రం కూడా కొంత వాటా వేస్తుంది. మంచి ఆలోచనే. కానీ మూడేళ్లు అయ్యాక? ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక చూడండి. మూడో విడత వరకు కేటాయించిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లు పూర్తి చేసినవి 112. ఆ తర్వాత కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54.

దీనికంటే ముందు, 1981లో, వాయుదూత్ అనే ప్రభుత్వ విమాన సంస్థ వచ్చింది. అదీ మారుమూల ఊళ్ల కోసమే. నష్టాలు మోయలేక 1990ల్లో దాన్ని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. అమెరికా మాత్రం 1978లో చిన్న ఊళ్ల విమానాలకు సర్కారు సాయం మొదలుపెట్టి ఇప్పటికీ ఇస్తూనే ఉంది.

మన పల్లెవెలుగు బస్సు లాభం చూసుకుని ఏజెన్సీ ఊరికి వెళుతుందా? జనం ఉన్నారు కాబట్టి వెళుతుంది. జయపురం విమానాన్ని కూడా అలాగే చూడాలని నా గట్టి అభిప్రాయం. సాయానికి మూడేళ్ల గడువు పెడితే, జనానికి ఆ విమానం మీద నమ్మకం కుదిరేలోపే గడువు అయిపోతుంది. స్ట్రెచర్ మీద ఉన్న రోగికి ఈ విమానం పనికిరాదు, ఆ సంగతి ఒప్పుకోవాలి. కానీ ఆపరేషన్ అయ్యాక చెకప్‌కు వెళ్లే తల్లికి, ఇంటర్వ్యూ ఉన్న కుర్రాడికి ఘాట్ రోడ్డు బాధ తప్పుతుంది. వాళ్లకు కావలసింది ధర ఇంకో వంద తగ్గడం కంటే, రేపు వస్తుందన్న భరోసా. వాతావరణం బాగాలేదనిపిస్తే ముందురోజు సాయంత్రమే ఫోనుకు కబురు రావాలి. రద్దయితే ఆ రాత్రి రైల్లో బెర్త్ దొరికే ఏర్పాటు ఉండాలి. మబ్బులోనూ దిగడానికి సాయపడే పరికరాలు, వాతావరణ కేంద్రం ఒడిశాలోని ఇలాంటి చిన్న విమానాశ్రయాలన్నింటికీ రావాలి.

మీ ఎంపీని, ఎమ్మెల్యేని ఊళ్లో కలిసినప్పుడు వీటిని పేరుపేరునా అడగండి. సెలవు.