రెండు వేల బొమ్మలకు ఆర్డర్ వచ్చింది... జవాబు కొట్టే ముందు ఇది వినండి

నమస్కారం. ఈ రోజు ఒక మెయిల్ గురించి మాట్లాడుకుందాం. చిన్న తయారీదారులకు ఎప్పుడో ఒకప్పుడు వచ్చే మెయిల్ ఇది. "మీ చెక్క ఏనుగు బొమ్మ ఫొటో చూశాం, చాలా నచ్చింది. రెండు వేలు కావాలి. ధర ఎంత? ఎప్పటికి పంపగలరు?" అంతే, నాలుగు ముక్కలు. కింద విదేశీ చిరునామా.

ఆ రాత్రి నిద్ర పట్టదు. ఎలా పడుతుంది చెప్పండి! తెల్లారగానే ఏదో ఒక ధర వేసి, "నెలన్నరలో పంపేస్తాం" అని జవాబు కొట్టేస్తారు. చాలామంది కథ అడ్డం తిరిగేది సరిగ్గా ఇక్కడే.

ఈ వీడియో మొత్తం ఆ ఏనుగునే పట్టుకుని నడుద్దాం. తాడు కట్టి లాగే బొమ్మ, నాలుగు చక్రాలు, రంగు వేసింది. మీరు చేసేది పంపుల విడిభాగాలు కావచ్చు, సంచులు కావచ్చు. ఏనుగు ఉన్నచోట మీ సరుకు పెట్టుకుని వినండి.

దగ్గర్లో ఉండే కస్టమర్ మన తప్పులు మనతో పాటు తనూ మోస్తాడు. చక్రం బిగుసుకుపోయిందనుకోండి, బొమ్మ పట్టుకుని వస్తాడు. మనం రెండు నిమిషాలు ఇసుక కాగితం రుద్ది ఇస్తాం, పట్టుకుని పోతాడు. ఆ తప్పు ఏ లెక్కలోకీ రాదు. అందుకే మన సరుకులో తప్పే లేదని మనకు గట్టి నమ్మకం. సముద్రం అవతలివాడికి ఆ వెసులుబాటు లేదు. వాడి చేతికి అందేది ఒక డబ్బా, కొన్ని కాగితాలు. పక్కన మీరుండరు, మీ మాట ఉండదు. మీరు లేకుండానే ఆ సరుకు తన సంగతి తాను చెప్పుకోవాలి. ఎగుమతికి సిద్ధం కావడమంటే నా లెక్కలో ఇదే. కొనేవాణ్ణి వెతకడం దీని తర్వాతి పని.

నేను ఎవరి షెడ్డుకైనా వెళ్తే మొదట లైసెన్సు గురించి అడగను. "మీ మేస్త్రీ వారం రోజులు రాకపోతే ఈ బొమ్మ ఎవరు చేస్తారు?" అని అడుగుతాను. కాసేపు ఎవరూ మాట్లాడరు. చెక్క ఎంత ఆరాలి అంటే "చేత్తో పట్టుకుంటే తెలుస్తుందండీ" అంటారు. నిజమే, ఆయనకు తెలుస్తుంది. ఆయన చేతికి దండం పెట్టాలి. కానీ రెండు వేల బొమ్మలు ఆయన ఒక్కడే చేయడు కదా. ఇంకో నలుగురు చేస్తారు. నలుగురివీ నాలుగు చేతులు.

కాబట్టి ఆ చేతిలో ఉన్నదాన్ని కాగితం మీదికి దించాలి. ఒక్క పేజీ చాలు. చెక్కలో తేమ ఎంత శాతం లోపు ఉండాలి (తేమ కొలిచే మీటర్లు చిన్నవే దొరుకుతాయి), కొలతలు ఎంత, ఎన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా పర్లేదు, రంగు ఏది, ఎన్ని కోటింగులు, కోటింగుకీ కోటింగుకీ మధ్య ఎన్ని గంటలు ఆరాలి. "చక్రం బాగా తిరగాలి" అని రాయకండి. బాగా అంటే ఎవరి బాగా? వేలితో ఒక్కసారి తిప్పితే కనీసం మూడు చుట్లు తిరగాలి అని రాయండి.

తర్వాత ఒకేలా ఉండే నమూనాలు రెండు చేసి, రెండింటి మీదా ఇద్దరూ సంతకం పెట్టండి. ఒకటి కొనేవాడి దగ్గర, ఒకటి మీ బీరువాలో. రేపు రంగు తేడా వచ్చిందని గొడవైతే ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడక్కర్లేదు, బీరువా తెరిస్తే చాలు. ఒక చిన్న జాగ్రత్త. నమూనాను మరీ ముస్తాబు చేసి పంపకండి. దానికి మూడు రోజులు పట్టిందంటే, మిగతా 1,999 బొమ్మలకూ అన్నేసి రోజులు పెడతామని మాట ఇచ్చినట్టే.

నెలకు ఎన్ని చేయగలరో చెప్పేటప్పుడు కూడా అంతే. అందరూ తమ బ్రహ్మాండమైన వారాన్ని నాలుగుతో హెచ్చించి చెబుతారు. గత మూడు నెలల్లో నిజంగా బయటికి వెళ్లిన సరుకు లెక్క తీయండి. అందులోంచి పాత కస్టమర్ల ఆర్డర్లు తీసేయండి. మిగిలిందే ఎగుమతికి. పాతవాళ్లకు ఆపేసి కొత్తవాడికి పంపితే, ఆ కొత్తవాడు రెండో ఆర్డర్ ఇవ్వని నెల ఎలా గడుస్తుందో ఆలోచించుకోండి.

ఇక అవతలి దేశం రూల్స్. ఏనుగు పిల్లల బొమ్మ కాబట్టి కథ ఇక్కడ ముదురుతుంది. అమెరికాలో పిల్లల బొమ్మల మీది రంగులో సీసం 0.009 శాతం మించకూడదు. అంటే పది లక్షల పాళ్లలో 90. బొమ్మల భద్రతకు అక్కడి ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్963. యూరప్‌కైతే ఈఎన్ 71 ప్రమాణాలు, అక్కడి రూల్స్ పాటించామని చెప్పే సీఈ గుర్తు, దిగుమతిదారు పేరూ చిరునామా. "మా రంగులో సీసం లేదండీ" అన్న మాట చెల్లదు. ల్యాబ్ రిపోర్టు కావాలి.

ఇందులో నాకు బాగా నచ్చేది, చాలామంది కొంప ముంచేది, ఒక చిన్న గొట్టం. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలను పరీక్షించడానికి వాడతారు. లోపలి వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. బొమ్మను పడేసి, లాగి, మెలితిప్పి చూస్తారు. ఏ ముక్క ఊడినా ఆ గొట్టంలో వేస్తారు. ముక్క మొత్తం లోపల పట్టేస్తే బొమ్మ ఫెయిల్, ఎందుకంటే అది పసివాడి గొంతులోకీ పోగలదు. ఇప్పుడు మన ఏనుగు చక్రం 30 మిల్లీమీటర్లు అనుకోండి. ఊడితే పడుతుంది. డిజైన్ దశలోనే 40 చేసి ఉంటే ఆ చక్రంతో ఈ గొడవే లేదు. రెండు వేలు చేశాక తెలిస్తే? అందుకే రంగు, చెక్క, బిగింపు కంటే ముందు అడగాల్సిన ప్రశ్న: ఇది ఏ వయసు పిల్లలకు అమ్ముతారు?

ఇంకో సంగతి. ల్యాబ్‌కు పంపిన బొమ్మకు వేసిన రంగు డబ్బా అయిపోయింది, అదే ఎరుపు ఇంకో కంపెనీది దొరికింది, వేసేశాం. అంతే, ఆ రిపోర్టు ఈ సరుకుది కాకుండా పోయింది. ఏ డబ్బా ఏ రోజు ఏ బొమ్మలకు వాడారో ఒక నోట్‌బుక్కులో రాయించండి. వినడానికి చాదస్తంలా ఉంటుంది. ఒక లాట్‌లో తప్పు దొరికితే, రెండు వేలూ వెనక్కి పిలవాలా, మూడు వందలే పిలవాలా అనేది ఆ నోట్‌బుక్కే తేలుస్తుంది.

ఇప్పుడు హెచ్ఎస్ కోడ్. మీ సరుకు ఏ రకం కిందికి వస్తుందో కస్టమ్స్‌కు చెప్పే అంకెలివి. ప్రపంచ కస్టమ్స్ సంస్థ తయారుచేసిన ఆరంకెల కోడ్, 1988 నుంచి అమల్లో ఉంది, ఐదేళ్లకోసారి దాదాపుగా సవరిస్తుంటారు. మొదటి ఆరంకెలూ అన్నిచోట్లా ఒకటే, ఆ తర్వాతివి ఏ దేశానివి ఆ దేశానివి. మన ఏనుగు ఆటబొమ్మ అయితే 9503 కింద వస్తుంది. అదే ఏనుగును అల్మరాలో పెట్టుకునే అలంకార వస్తువు అంటే 4420. చెక్క అదే, తొండం అదే! కానీ సుంకం మారొచ్చు, రూల్స్ మాత్రం కచ్చితంగా మారతాయి. ఇక్కడే కొందరికి ఒక తెలివి పుడుతుంది. అలంకార వస్తువని రాసేస్తే టెస్టులు తప్పుతాయి కదా అని. ఇన్‌వాయిస్‌లో అలంకారం, డబ్బా మీద తాడు లాగుతూ నవ్వుతున్న పాప ఫొటో. కస్టమ్స్ వాళ్లు ఆ ఫొటో చూడరనుకుంటున్నారా? వస్తువు ఏదైతే అదే రాయండి. అనుమానముంటే చాలా దేశాల కస్టమ్స్ ముందుగానే రాతపూర్వకంగా నిర్ణయం చెబుతాయి, కొనేవాడిని అక్కడ అడిగి తెప్పించమనండి.

ప్యాకింగ్ గురించి రెండు మాటలే. కంటైనర్ అంటే మూసిన ఇనప పెట్టె. పగలు వేడెక్కుతుంది, రాత్రి చల్లబడుతుంది, లోపలి తేమ పైకప్పుకు పట్టి చినుకుల్లా కారుతుంది. తేమ పీల్చే సంచులు పెట్టాలి, బాగా ఆరిన చెక్కే వాడాలి. డబ్బాల కింద పెట్టే చెక్క ప్యాలెట్‌కు కూడా అంతర్జాతీయ రూల్ ఉంది, పేరు ఐఎస్‌పీఎం 15. చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగలాలి, లేదా ఆ రూల్ ఒప్పుకునే ఇంకో పద్ధతిలో పురుగు చంపాలి, ఆ ముద్ర ప్యాలెట్ మీద కనపడాలి. ఏనుగులన్నీ బంగారంలా ఉండి, ప్యాలెట్ మీద ముద్ర లేక సరుకు ఆగిపోతే ఎవరికి చెప్పుకుంటాం? ఇక విమానంలో పంపితే గాలికి కూడా చార్జీ కట్టాలి. సాధారణంగా ఘనపు మీటరు సరుకును 167 కిలోలుగా లెక్కేస్తారు, అసలు బరువు అంతకన్నా తక్కువైనా సరే. ఏనుగు కాళ్ల సందున ఉన్న ఖాళీకి మీరు డబ్బు కడుతున్నారన్నమాట. డబ్బా కొలత మార్చడం ధర తగ్గించడం కన్నా సులువు.

ధర దగ్గరికొద్దాం. ఇక్కడ అమ్మే ధర మీద ఇంత శాతం వేసి చెప్పేయడం పెద్ద పొరపాటు. ల్యాబ్ ఫీజు, ఎగుమతి ప్యాకింగ్, రవాణా, బ్యాంకు చార్జీలు, డబ్బు వచ్చేదాకా ముడిసరుకు మీద ఇరుక్కున్న పెట్టుబడికి వడ్డీ, మారకపు రేటు తేడా, ఇవన్నీ విడివిడిగా కాగితం మీద పెట్టండి. ఆ తర్వాత, సరుకు ఎక్కడి దాకా మీ బాధ్యత అన్నది తేల్చుకోండి. దీనికి అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936 నుంచి ఇన్‌కోటర్మ్స్ అనే షరతులు ప్రచురిస్తోంది. ఇప్పుడున్నవి 2020వి, మొత్తం 11.

అందరి నోటా వినిపించేది ఎఫ్‌ఓబీ. అందులో సరుకు ఓడ ఎక్కేదాకా రిస్కు మీది. కానీ కంటైనర్ సరుకు మీరు ఓడ ఎక్కించరు. టెర్మినల్‌లో అప్పగించి వచ్చేస్తారు. అది అక్కడ కొన్ని రోజులు పడి ఉండొచ్చు. ఆ రోజుల్లో ఏదైనా జరిగితే? సరుకు మీ చేతిలో లేదు, రిస్కు మాత్రం మీ నెత్తిన ఉంది. అందుకే కంటైనర్ సరుకుకు ఎఫ్‌సీఏ వాడమని ఆ మండలే చెబుతోంది. అందులో అనుకున్న చోట రవాణాదారుకు అప్పగించడంతో రిస్కు అవతలివాడికి మారుతుంది. మొదటి ఆర్డర్‌కే డీడీపీ ఒప్పుకోకండి. అవతలి దేశంలో సుంకం కట్టి, ఇంటి గుమ్మం దాకా చేర్చే పూచీ మీదవుతుంది.

డబ్బు. మొదటిసారి అయితే కొంత అడ్వాన్స్ అడగడానికి మొహమాటపడకండి. పెద్ద మొత్తమైతే లెటర్ ఆఫ్ క్రెడిట్, ఎల్‌సీ అంటారు. అడిగిన కాగితాలు సరిగ్గా చూపిస్తే డబ్బు ఇస్తామని కొనేవాడి బ్యాంకు రాసిచ్చే హామీ అది. "ఎల్‌సీ ఉందిగా, ఇక టెన్షన్ లేదు" అనుకుంటారు. ఎల్‌సీలు ఎక్కువగా నడిచేది యూసీపీ 600 అనే నియమాల మీద, 2007 జులై నుంచి. వాటి ప్రకారం బ్యాంకు చూసేది కాగితాలను, సరుకును కాదు. ఎల్‌సీలో "చక్రాలున్న చెక్క ఏనుగు" అని ఉండి మీ ఇన్‌వాయిస్‌లో "చెక్క బొమ్మ" అని ఉంటే బ్యాంకు డబ్బు ఆపేయొచ్చు, లోపల ఏనుగులు ఎంత అందంగా ఉన్నా సరే. ఎల్‌సీలో ఇంకో గడువు లేకపోతే, సరుకు ఓడ ఎక్కిన 21 రోజుల్లోపు కాగితాలు ఇచ్చేయాలి. ఎల్‌సీ చేతికొచ్చిన రోజే కూర్చుని అక్షరం అక్షరం చదవండి. చేయలేని షరతు కనిపిస్తే, చెక్క కోయకముందే మార్పించండి. కోశాక మీ మాట ఎవరూ వినరు.

మోసాల సంగతి కూడా చెప్పాలి. ఆర్డర్ ఇవ్వడానికి మీ దగ్గరే రిజిస్ట్రేషన్ ఫీజు అడిగేవాడు కొనేవాడు కాదు. మీ మెయిల్‌లోకి ఎవడో దూరి, "మా బ్యాంకు ఖాతా మారింది" అని మీ పేరుతో కొనేవాడికి రాసి డబ్బు కొట్టేయడం కూడా ఉంది. ఖాతా మారితే ఫోన్ చేసి మాత్రమే చెబుతామని ఒప్పందంలోనే రాసుకోండి.

బీమా దగ్గర ఎవరైనా లోభిస్తే నేను ఎవర్ గివెన్ ఓడ కథ చెబుతాను. 2021 మార్చి 23న సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కుని, ఆరు రోజులు ఆ కాలువలో రాకపోకలు ఆపేసిన ఓడ అది. బయటపడ్డాక ఓడ యజమాని జనరల్ యావరేజ్ ప్రకటించాడు. అంటే ఓడను కాపాడటానికి అయిన ఖర్చులో అందులో సరుకున్న ప్రతివాడూ తన వాటా భరించాలి, తన డబ్బాకు గీత కూడా పడకపోయినా. హామీ ఇచ్చేదాకా సరుకు వదలరు. బీమా ఉన్నవాళ్లకు ఆ హామీ బీమా కంపెనీ ఇస్తుంది. లేనివాడు జేబులోంచి తీసి కట్టాలి. షరతును బట్టి బీమా ఎవరు చేయించాలో మారుతుంది, ఎవరో ఒకరు చేయించారా లేదా అన్నది మాత్రం మీరే అడిగి తెలుసుకోండి.

సరే, ఆ మెయిల్ ఇంకా మీ ఇన్‌బాక్స్‌లోనే ఉంది కదా. దానికి జవాబు ఇలా రాయండి: "మీ ఆసక్తికి ధన్యవాదాలు. ధర చెప్పే ముందు నాలుగు వివరాలు కావాలి. ఏ దేశంలో అమ్ముతారు? ఏ వయసు పిల్లలకు? టెస్టు రిపోర్టు ఏ ప్రమాణానికి కావాలి, ఆ ఖర్చు ఎవరిది? సరుకు ఎక్కడ అప్పగించాలి? ఇవి తెలిశాక నమూనా పంపుతాం. అది మీకు నచ్చితే మొదట రెండు వందలు చేసి ఇస్తాం, మిగతావి ఆ తర్వాత మాట్లాడుకుందాం."

నిజంగా కొనేవాడైతే ఈ నాలుగింటికీ జవాబు రాస్తాడు. వచ్చిన జవాబు చదివాక మీకు ఎక్కడైనా అర్థం కాకపోతే, మీ సరుకు ఏంటో, ఏ దేశమో రాసి కింద కామెంట్‌లో పెట్టండి. వచ్చే వీడియోలో ఆ ల్యాబ్ రిపోర్టు చదవడం ఎలాగో చూద్దాం. ఉంటాను.