నెట్ పోయిందా, తీసేశావా?

అందరికీ నమస్కారం. ఈ ఆన్‌లైన్ ఆటల పోటీలకు నన్ను పిలిచిన పిల్లలు "సార్, చీటింగ్ చేయకూడదని నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ఆ సంగతి మీ అందరికీ తెలుసు. చీటింగ్ చేసేవాడికి ఇంకా బాగా తెలుసు. దాన్ని త్వరగా ముగించి, నాకు నిజంగా తల బొప్పి కట్టించిన విషయానికి వస్తాను.

గోడ వెనక ఎవరున్నారో చూపించే హ్యాక్, గురి తానే చూసుకునే ఎయిమ్‌బాట్, పక్క విండోలో ఎత్తులు చెప్పిపెట్టే చెస్ ఇంజిన్... ఇవన్నీ దొంగతనాలే. 2018లో షాంఘైలో జరిగిన కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆట పోటీలో మన దేశపు ఆటగాడొకడు ఎయిమ్‌బాట్ ఫైలుకు 'వర్డ్' అని పేరు పెట్టుకుని దొరికిపోయాడు. ఐదేళ్ల నిషేధం పడింది. జట్టునే మూసేశారు. 2023 ఫిబ్రవరిలో డోటా 2 అనే ఆట తయారుచేసినవాళ్లు దొంగల్ని పట్టడానికి ఇంకో ఎత్తు వేశారు. మామూలుగా ఆడేటప్పుడు గేమ్ ఎప్పుడూ చదవని డేటాను ఒక అప్‌డేట్‌లో దాచిపెట్టారు. దాని జోలికి వెళ్లేది చీటింగ్ సాఫ్ట్‌వేర్ ఒక్కటే. ఎలుకల బోనులో ఉల్లిపాయ పెట్టినట్టు. 40,000కు పైగా ఖాతాలు ఎగిరిపోయాయి.

ఇలాంటి చోట న్యాయం తేలికే. దొంగ ఉన్నాడు, దొరికాడు, పోయాడు. అసలు దొంగే లేకపోతే?

ఓడిపోతున్నానని తెలియగానే డేటా ఆపేసేవాడు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు. (నవ్వుతున్నారంటే ఇక్కడే ఉన్నాడన్నమాట.) అడిగితే "నెట్ పోయింది రా" అంటాడు. ఇంకోచోట ఇంకొకడికి నిజంగానే కరెంటు పోతుంది. సర్వర్‌కి ఈ ఇద్దరికీ తేడా తెలియదు. అటునుంచి కబురు రావడం లేదన్న ఒక్క ముక్కే దానికి తెలుసు. అందుకే చాలా ఆటల్లో నియమం మొరటుగా ఉంటుంది: లైన్ నీది, పూచీ నీది, గడియారం ఆగదు.

2020లో కోవిడ్ వల్ల ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే మొదటిసారి దేశాల జట్లు ఆడే చెస్ ఒలింపియాడ్‌ను ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడూ ఇదే నియమం. మన జట్టులో ఆనంద్, విదిత్‌లతో పాటు తెలుగువాళ్లు ముగ్గురు: హంపి, హారిక, హరికృష్ణ. క్వార్టర్ ఫైనల్లో ఆర్మేనియా ఎదురైంది. మన నిహాల్ సరీన్‌తో ఆడుతున్న వాళ్ల హైక్ మార్తిరోస్యాన్ అనే కుర్రాడికి మధ్యలో లైన్ తెగింది. టైమ్ అయిపోయి ఓడాడు. ఆర్మేనియా అప్పీలు చేస్తే కొట్టేశారు. వాళ్లు రెండో రౌండు ఆడబోమని వెళ్లిపోయారు, మనం సెమీస్‌కి వెళ్లాం. అక్కడ పోలండ్‌తో సమానమైతే, తేల్చడానికి పెట్టిన టైబ్రేక్ ఆట గెలిచి హంపి జట్టును ఫైనల్‌కి చేర్చారు.

ఆగస్టు 30న రష్యాతో ఫైనల్. మొదటి రౌండు 3-3. రెండో రౌండులో నిహాల్‌కీ, దివ్యా దేశ్‌ముఖ్‌కీ కనెక్షన్ పోయింది, ఇద్దరూ టైమ్ మీద ఓడారు. ఆ రోజు ఎన్నో సైట్లు ఆధారపడే క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ సంస్థలో అంతరాయం వచ్చి చాలా దేశాల్లో సైట్లు ఆగిపోయాయి. ఈసారి అప్పీలు మనది. కమిటీ ఒక మాట మీదికి రాలేకపోయింది. ఫిడే అధ్యక్షుడు అర్కాదీ ద్వోర్కోవిచ్ రెండు జట్లకూ స్వర్ణం ఇచ్చేశారు.

ఆ రాత్రి నేనూ గంతులేశాను. ఆర్మేనియా మర్నాడు గుర్తొచ్చింది.

ఒకటి ఒక్కడి లైన్, రెండోది ప్రపంచమంతటి గొడవ, రెంటికీ పోలికేమిటని మీరనవచ్చు. తేడా ఉంది, కాదనను. కానీ తెర గడ్డకట్టి, పక్కన సెకన్లు కరిగిపోతుంటే చూస్తూ కూర్చున్న ఆటగాడికి ఆ తేడా ఎక్కడ కనపడుతుంది? ద్వోర్కోవిచ్ చేసింది తప్పని నేననను. ఆ వెసులుబాటు ముందే నియమంలో రాసి ఉండాల్సిందంటాను. రాసి లేనప్పుడు తీర్పు ఒక మనిషి మనసును బట్టి నడుస్తుంది. అది మనకు కలిసొచ్చింది కాబట్టి మనం ఎవరినీ నిలదీయలేదు.

ఇంకొక్క మాట, వాయిస్ చాట్ గురించి. అమ్మాయి గొంతు వినపడగానే మొదలయ్యే మాటలకు "మ్యూట్ చేసుకో" అనేది జవాబు కాదు. ఆటలో సగం సమాచారం ఆ మైకులోనే వస్తుంది. మ్యూట్ చేసుకుంటే నష్టం ఆమెకే. ఇక్కడ మాత్రం నాకు ఏ సందేహమూ లేదు: మొదటి మాటకే బయటికి.

ఇక ఈరోజు పోటీలు. నిన్న నిర్వాహకులతో కూర్చుని నియమాలు రాశాం. ఒక్కరి లైన్ పోతే ఓటమి. హాలంతా పోతే ఆట మళ్లీ మొదటి నుంచి. ఒక్క టేబుల్‌కి నెట్ పంచే స్విచ్ పెట్టె మాత్రమే పాడైతే? ఐదుగురి లైను పోతుంది, తప్పు వాళ్లది కాదు, మళ్లీ ఆడిద్దామంటే మిగతావాళ్లు ఊరుకోరు. రాత్రి పదకొండు దాకా వాదించుకున్నాం. తేలలేదు. చివరికి "రిఫరీదే తుది నిర్ణయం" అని రాసి లేచాం.

అవును, ఇప్పుడే నేను తప్పుపట్టిన పనే. పైగా రిఫరీని కూడా నేనే. మొదటి మ్యాచ్ 10 గంటలకు, మీ మీ టేబుళ్ల దగ్గరికి వెళ్లండి.