ఓడుతున్న జట్టు కొత్త కోచ్‌ను ఉంచుకోవాలా, పంపేయాలా?

నమస్కారం. ఈ వీడియోలో మాట్లాడుకోబోయేది ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ చూసేవారందరికీ దాదాపు ప్రతి సీజన్‌లోనూ ఎదురయ్యే ప్రశ్న గురించి. వేసవిలో ఎన్నో ఆశలతో కొత్త కోచ్‌ను నియమించుకున్న జట్టు, జనవరి వచ్చేసరికి గెలిచినవాటి కంటే ఎక్కువ మ్యాచ్‌లు ఓడిపోయి, సొంత ప్రేక్షకుల ముందే తలదించుకునే స్థితికి చేరుతుంది. అభిమానులు కోచ్‌ను మార్చమంటారు, విశ్లేషకులు గంటల తరబడి చర్చిస్తారు, యాజమాన్యం మాత్రం పెదవి విప్పదు. అలాంటప్పుడు ఆ కోచ్‌ను ఉంచుకోవాలా, పంపేయాలా అన్నది దేన్ని బట్టి తేల్చాలి?

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆటగాళ్లు అతని మాట వినడం మానేశారని స్పష్టంగా తెలిస్తే తప్ప, కొత్త కోచ్‌ను మొదటి సీజన్ మధ్యలో తొలగించకూడదు. సీజన్ ముగిశాక మాత్రం మొహమాటం లేకుండా లెక్క చూడాలి. ఆ లెక్క గెలుపోటముల పట్టికతో కాకుండా, పూర్తిగా అతని చేతిలో ఉన్న నిర్ణయాలతో మొదలు కావాలి.

ముందుగా అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోని బోస్టన్ సెల్టిక్స్ ఉదంతం చూద్దాం. ఎనిమిది సీజన్లు కోచ్‌గా పనిచేసిన బ్రాడ్ స్టీవెన్స్ 2021 వేసవిలో జట్టు వ్యవహారాల అధిపతి అయ్యారు. అంతకుముందు ఎప్పుడూ హెడ్ కోచ్‌గా పనిచేయని ఇమే ఉడోకాను తన స్థానంలోకి తీసుకొచ్చారు. సీజన్ మొదలైన రెండు వారాల్లోపే షికాగో బుల్స్ చేతిలో సెల్టిక్స్ ఓడిన తీరు అందరినీ కలవరపెట్టింది. మూడో క్వార్టర్ ముగిసేసరికి 14 పాయింట్ల ఆధిక్యంలో ఉన్న జట్టు, చివరి క్వార్టర్‌లో 11 పాయింట్లు మాత్రమే సాధించి ప్రత్యర్థికి 39 సమర్పించుకుంది. ఆ మ్యాచ్ అయ్యాక సెల్టిక్స్ ఆటగాడు మార్కస్ స్మార్ట్ విలేకరుల ముందే, జట్టు ప్రధాన ఆటగాళ్లు జేసన్ టేటమ్, జేలెన్ బ్రౌన్ ఇద్దరూ బంతిని సహచరులకు అందించడం లేదని అన్నారు. 2022 జనవరి 6న న్యూయార్క్ నిక్స్ మీద 25 పాయింట్ల ఆధిక్యాన్ని చేజార్చుకుని, ఆర్‌జే బారెట్ చివరి క్షణంలో విసిరిన త్రీ పాయింటర్‌కు, అంటే దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్‌కు, బలైపోయే నాటికి ఆ జట్టు ఖాతాలో 18 గెలుపులు, 21 ఓటములు ఉన్నాయి.

ఆ రాత్రి ఉడోకాపై వేటు వేసి ఉంటే చాలామంది సబబే అనేవారు. స్టీవెన్స్ ఆ పని చేయలేదు. మిగిలిన 43 మ్యాచ్‌ల్లో 33 గెలిచిన సెల్టిక్స్ 51 విజయాలతో సీజన్ ముగించి, ఫైనల్స్ దాకా వెళ్లి గోల్డెన్ స్టేట్ వారియర్స్ చేతిలో 4-2తో ఓడింది. తర్వాత ఉడోకా బోస్టన్‌కు దూరమైన కారణాలకు కోర్టులో జరిగే ఆటతో సంబంధం లేదు కాబట్టి ఆ విషయంలోకి నేను వెళ్లడం లేదు.

జనవరి తర్వాత వచ్చిన మార్పును కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే కోచ్ చేసే అసలు పని ఏమిటో అక్కడే కనిపిస్తుంది. సెల్టిక్స్ ఇద్దరు పొడగరులను, అంటే ఆల్ హార్ఫోర్డ్‌నూ రాబర్ట్ విలియమ్స్‌నూ కలిపి ఆడించేది. మామూలుగా సెంటర్‌కు, అంటే రింగు దగ్గర ఆడే పొడగరికి, ప్రత్యర్థి సెంటర్‌నే అప్పగిస్తారు. ఆ సెంటర్ పైకి వచ్చి స్క్రీన్ పెట్టినప్పుడల్లా, అంటే తన సహచరుడిని కాపలా కాసేవారికి అడ్డుగా నిలబడినప్పుడల్లా, రాబర్ట్ విలియమ్స్ కూడా అతని వెంట రింగుకు దూరంగా రావలసి వచ్చేది. ఉడోకా ఆ పని హార్ఫోర్డ్‌కు అప్పగించి, రాబర్ట్ విలియమ్స్‌ను ప్రత్యర్థి జట్టులో షూటింగ్ అంతగా రాని ఆటగాడి మీద, తరచుగా మూలన నిలబడే ఆటగాడి మీద ఉంచారు. ఆ ఆటగాడిని కాసేపు వదిలేసినా నష్టం ఉండదు కాబట్టి, రాబర్ట్ విలియమ్స్ అక్కడి నుంచి ఒక్క అంగలో రింగు దగ్గరికి చేరుకుని, లోపలికి దూసుకొచ్చిన వారి షాట్లను అడ్డుకునేవాడు. మిగిలిన నలుగురూ స్క్రీన్ వచ్చిన ప్రతిసారీ తాము కాపలా కాసే ప్రత్యర్థిని మార్చుకుంటూ దారులు మూసేసేవారు. సీజన్ ముగిసేసరికి సెల్టిక్స్ డిఫెన్స్ లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచింది.

ఇలాంటి పద్ధతి రెండు రోజుల్లో ఒంటబట్టదు. ఎవరు ఎప్పుడు మనిషిని మార్చుకోవాలో, ఎవరు కేక వేసి చెప్పాలో, ఒకరు కదిలితే వెనక ఖాళీని ఎవరు నింపాలో ఐదుగురికీ ఒకేసారి తట్టాలి. ఓడుతున్న నెలల్లో కూడా ఆ పాఠం లోపల సాగుతూనే ఉంటుంది. స్కోరుబోర్డు మాత్రమే చూసేవారికి అది కనిపించదు.

సీజన్ మధ్యలో కోచ్‌ను మార్చడం వల్ల ఫలితం తక్కువని నేను నమ్మడానికి కారణం కూడా ఇదే. ఎన్‌బీఏలో అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు 82 మ్యాచ్‌లు ఉంటాయి. దాదాపు రోజు విడిచి రోజు మ్యాచ్ ఉండటం, మధ్యలో విమాన ప్రయాణాలు, అలసిన ఆటగాళ్లకు విశ్రాంతి, వీటన్నిటి మధ్య పూర్తి స్థాయి ప్రాక్టీసుకు దొరికే సమయం చాలా తక్కువ. ఒక కోచ్ తన పద్ధతిని మొదటి నుంచి చివరి దాకా తీరికగా నేర్పగలిగేది సీజన్‌కు ముందు జరిగే శిక్షణ శిబిరంలోనే. జనవరిలో బాధ్యత తీసుకున్న తాత్కాలిక కోచ్‌కు ఆ అవకాశం ఉండదు. పాత పద్ధతిలోని కష్టమైన భాగాలను పక్కనపెట్టి, ఆటను తేలిక చేసి నెట్టుకొస్తాడు. మొదట్లో రెండు మూడు గెలుపులు వస్తే జట్టు గాడిన పడిందని అందరూ సంబరపడతారు. నిజానికి అప్పటి వరకు ప్రత్యర్థుల త్రీ పాయింటర్లు అసాధారణంగా పడుతూ ఉండి, అవి మామూలు స్థాయికి దిగివచ్చిన సమయమే అది కావచ్చు. కోచ్‌ను తీసేసేది దురదృష్టం తారస్థాయిలో ఉన్నప్పుడే కాబట్టి, ఎవరిని తెచ్చినా తర్వాతి వారాలు కాస్త మెరుగ్గానే కనిపిస్తాయి.

ఓటమిని యాజమాన్యమే కోరుకున్న సందర్భాలు వేరు. 2020 నవంబరులో మార్క్ డేగ్నాల్ట్ ఓక్లహోమా సిటీ థండర్ కోచ్ అయినప్పుడు, జట్టును కింది నుంచి కట్టుకురావాలన్నది ముందే తీసుకున్న నిర్ణయం. తొలి సీజన్‌లో 22, రెండో సీజన్‌లో 24 మ్యాచ్‌లు మాత్రమే గెలిచారు. 2021 డిసెంబరులో మెంఫిస్ చేతిలో 152-79 తేడాతో, అంటే 73 పాయింట్లతో ఓడి, లీగ్ చరిత్రలోనే అతి పెద్ద పరాజయాన్ని మూటగట్టుకున్నారు. అయినా ఆయన్ను ఎవరూ కదపలేదు. తర్వాతి సీజన్లలో 40, 57, 68 విజయాలు వచ్చాయి, 2025లో టైటిల్ వచ్చింది. అయితే ఈ ఉదాహరణను ప్రతి ఓడే కోచ్‌కూ కవచంగా వాడటం న్యాయం కాదు. థండర్‌కు తామెక్కడికి వెళుతున్నామో తెలుసు, చేతిలో లెక్కలేనన్ని డ్రాఫ్ట్ పిక్‌లు, అంటే లీగ్‌లోకి కొత్తగా వచ్చే ఆటగాళ్లను ఎంచుకునే అవకాశాలు, ఉన్నాయి, కుర్రాళ్ల ఆట ఏటా మెరుగవుతూ కనిపించింది. ఆ మూడూ లేనిచోట ఓపిక పట్టమని అభిమానులను అడిగే హక్కు యాజమాన్యానికి ఉండదు.

ఇక నా వాదనకు అసలైన పరీక్ష డెట్రాయిట్ పిస్టన్స్. 2023లో వారు మాంటీ విలియమ్స్‌ను ఆరేళ్లకు 7.85 కోట్ల డాలర్ల ఒప్పందంతో తెచ్చుకున్నారు. తొలి 3 మ్యాచ్‌ల్లో 2 గెలిచిన జట్టు, ఆ తర్వాత వరుసగా 28 ఓడిపోయింది. ఒకే సీజన్‌లో ఎన్‌బీఏ జట్టు ఇన్ని వరుస ఓటములు చూడటం అదే మొదటిసారి. 27వ ఓటమి నాడు కేడ్ కన్నింగ్‌హామ్ ఒక్కడే 41 పాయింట్లు చేసినా ఫలితం మారలేదు. చివరికి 14 గెలుపులు, 68 ఓటములతో సీజన్ ముగిసింది. 2024 జూన్‌లో, ఇంకా ఐదేళ్ల జీతం బాకీ ఉండగానే, ఆయన్ను సాగనంపారు.

ఇక్కడ ఓటముల సంఖ్య కన్నా నన్ను ఎక్కువగా బాధించింది ఒక నిర్ణయం. 2022 డ్రాఫ్ట్‌లో ఐదో స్థానంలో ఎంచుకున్న జేడెన్ ఐవీని సీజన్ తొలి వారాల్లో బెంచ్‌కు పరిమితం చేసి, షూటింగ్‌లో మొదటి నుంచీ తడబడుతున్న కిలియన్ హేస్‌ను స్టార్టింగ్ ఫైవ్‌లో, అంటే మ్యాచ్ మొదలుపెట్టే ఐదుగురిలో, ఉంచారు. ఆ హేస్‌నే ఫిబ్రవరిలో జట్టు వదిలేసుకుంది. గాయాలు కోచ్ చేతిలో ఉండవు, బయటి నుంచి షాట్లు వేయగలవారు తక్కువగా ఉన్న బృందాన్ని సమకూర్చింది కూడా ఆయన కాదు. ఎవరిని ఎన్ని నిమిషాలు ఆడించాలన్నది మాత్రం పూర్తిగా ఆయన చేతిలోనిది. జట్టు భవిష్యత్తు ఎవరి మీద ఆధారపడి ఉందో ఆ కుర్రాళ్లకు ఆట నేర్పాల్సిన సీజన్ అది, ఆ అవకాశం చేజారిపోయింది. అందుకే ఆ తొలగింపును నేను సమర్థిస్తాను.

తర్వాత వచ్చిన జేబీ బికర్‌స్టాఫ్ చేతిలో అదే జట్టు 44 మ్యాచ్‌లు గెలిచి, 2019 తర్వాత మళ్లీ ప్లేఆఫ్స్, అంటే టైటిల్ కోసం సీజన్ తర్వాత జరిగే పోటీలు, చేరింది. దీన్ని కోచ్ మార్పు మహిమగా మాత్రమే చెప్పేవారు సగం కథే చెబుతున్నారు. ఆ వేసవిలోనే ట్రాజన్ లాంగ్డన్ కొత్త అధిపతిగా వచ్చి, మాలిక్ బీస్లీ, టిమ్ హార్డవే జూనియర్, టోబియాస్ హారిస్ లాంటి అనుభవజ్ఞులను తెచ్చారు. బయటి షాట్లు పడుతున్నప్పుడు కన్నింగ్‌హామ్‌కు లోపల దారులు తెరుచుకున్నాయి. బికర్‌స్టాఫ్‌కు దక్కాల్సిన మెప్పు తప్పక దక్కాలి. కానీ మాంటీ విలియమ్స్‌కు ఇచ్చిన ఆటగాళ్లు, బికర్‌స్టాఫ్‌కు ఇచ్చిన ఆటగాళ్లు ఒకటే అనుకోకూడదు.

అదే మాంటీ విలియమ్స్ అంతకు ముందు ఫీనిక్స్ సన్స్‌లో ఏం చేశారో గుర్తు చేయకపోతే ఆయనకు అన్యాయం చేసినట్టే. ఆయన రాకముందు ఫీనిక్స్ కోచ్‌లను వరుసగా మారుస్తూ పోయింది. 2017లో ఎర్ల్ వాట్సన్‌ను సీజన్‌లో కేవలం 3 మ్యాచ్‌లకే తొలగించారు, 2019లో ఇగోర్ కొకోష్కోవ్‌ను ఒక్క సీజన్‌కే పంపేశారు. ఆ జట్టు ఆటగాడు డెవిన్ బుకర్ తన మొదటి ఐదు సీజన్లలో ఐదుగురు కోచ్‌ల కింద ఆడాల్సి వచ్చింది. మాంటీ విలియమ్స్ తొలి సీజన్ 34 గెలుపులు, 39 ఓటములతో ముగిసింది, ప్లేఆఫ్స్ దక్కలేదు. ఆయన్ను ఉంచుకున్నారు, పైగా క్రిస్ పాల్‌ను తెచ్చిచ్చారు. మరుసటి సీజన్‌లో జట్టు ఫైనల్స్ ఆడింది, ఆ తర్వాతి సీజన్‌లో 64 మ్యాచ్‌లు గెలిచింది, 2022లో ఆయనకు ఉత్తమ కోచ్ పురస్కారం దక్కింది. మనిషి ఒక్కడే అయినప్పుడు, ఒకచోట వచ్చిన ఫలితానికీ మరోచోట వచ్చిన ఫలితానికీ ఉన్న ఇంత తేడాను అతని ఒక్కడి ఖాతాలో వేయడం కుదరదు.

గెలుస్తున్న కోచ్‌లను కూడా మధ్యలో మార్చారు కదా అని కొందరు అడుగుతారు. 2016 జనవరిలో 30 గెలుపులు, 11 ఓటములతో ఉన్న డేవిడ్ బ్లాట్‌ను క్లీవ్‌లాండ్ తొలగించి టైరన్ లూకు పగ్గాలు అప్పగించింది, అదే సీజన్‌లో టైటిల్ గెలిచింది. 2024 జనవరిలో 30 గెలుపులు, 13 ఓటములతో ఉన్న ఏడ్రియన్ గ్రిఫిన్‌ను మిల్వాకీ తొలగించి డాక్ రివర్స్‌ను తెచ్చింది. ఆయన కింద మిగిలిన సీజన్‌లో 17 గెలిచి 19 ఓడింది, ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే ఇంటిముఖం పట్టింది. క్లీవ్‌లాండ్‌లో లూ అప్పటికే బెంచ్ మీద బ్లాట్ పక్కన కూర్చుని, ఆటగాళ్ల నమ్మకం సంపాదించిన మనిషి. మధ్యలో మార్పు తప్పనిసరైతే బయటివాడిని కాకుండా లోపలి మనిషిని ఎంచుకోవడం మేలని నాకు అనిపించేది అందుకే.

కాబట్టి జనవరిలో ఓడుతున్న జట్టు యాజమాన్యం నన్ను అడిగితే, ముందుగా డ్రెస్సింగ్ రూమ్ గురించి నిజం తెలుసుకోమంటాను. అనుభవజ్ఞులైన ఆటగాళ్లు కోచ్‌తో వాదిస్తున్నారంటే భయపడాల్సిన పని లేదు. వాదించడం కూడా మానేసి, టైమౌట్‌లో అతను చెబుతున్నప్పుడు వేరేవైపు చూస్తూ, తిరిగి కోర్టులోకి వెళ్లి తమకు తోచింది ఆడుతున్నారంటే మాత్రం ఆలస్యం చేయకూడదు. ఆ పరిస్థితి లేనప్పుడు అతన్ని ఏప్రిల్ వరకు ఉంచి, కావాలంటే డిఫెన్స్ చూసే అసిస్టెంట్‌ను మార్చి, ట్రేడ్ గడువులోపు, అంటే జట్లు ఆటగాళ్లను మార్చుకోవడానికి ఉన్న చివరి తేదీలోపు, అతని పద్ధతికి సరిపోయే ఒక్క ఆటగాడినైనా తెచ్చివ్వాలి. 2022 ఫిబ్రవరిలో స్టీవెన్స్ చేసింది అదే. శాన్ ఆంటోనియో నుంచి డెరిక్ వైట్‌ను తెచ్చి ఉడోకా డిఫెన్స్‌లో ఇమిడే మనిషిని ఇచ్చారు.

ఏప్రిల్‌లో మాత్రం కఠినంగా చూడాలి. నవంబరులో చేసిన తప్పులే మార్చిలోనూ చేస్తున్నారా, మిస్సయిన షాట్ తర్వాత ఐదుగురూ వెనక్కి పరుగెత్తుతున్నారా, ఇరవై రెండేళ్ల కుర్రాడు సీజన్ మొదట్లో కన్నా ఇప్పుడు మెరుగ్గా ఆడుతున్నాడా, టైమౌట్ తర్వాత వేసే మొదటి ఎత్తుగడలో స్పష్టత ఉందా అన్నవి వీడియోలు పెట్టుకుని కూర్చుంటే ఒక్క రోజులో తేలిపోతాయి. వాటిలో అతను నిలబడకపోతే, ఒప్పందంలో ఎన్ని కోట్ల డాలర్లు మిగిలి ఉన్నా చెల్లించి పంపేయాలి. కొత్తగా వచ్చేవాడికి పూర్తి వేసవినీ, పూర్తి శిక్షణ శిబిరాన్నీ అప్పగించాలి.